ఏడో అంకె తర్వాత

ఉదయం పదకొండూ పదికి మాస్టారిని చంపారు.

ఆయనది చెవి మిషన్లు బాగుచేసే దుకాణం. సందు చివర, దర్జీ కొట్టుకి ఆనుకుని, తలుపు తోస్తే గంట మోగే ఒక ఇరుకు గది. మొదటి గుండు మోకాలికి తగిలింది, రెండోది గుండెకి. రెండింటికీ మధ్య పది నిమిషాలైనా గడిచి ఉంటాయని డాక్టరు చెప్పాడు. అంటే మొదటిది ఆయన చేత మాట్లాడించడానికి, రెండోది ఇంకెవరితోనూ మాట్లాడకుండా చేయడానికి. బల్ల మీద విప్పిన మిషన్లు విప్పినట్టే ఉన్నాయి. గోడ అరలో దాచిన నల్లపెట్టె మాత్రం లేదు.

పన్నెండు కొట్టేసరికి గుమాస్తాకి కబురొచ్చింది.

అతను గుమాస్తా కాడు. పదహారేళ్ళుగా గూఢచారి. కానీ ఆ ముఖమూ ఆ నడకా, చొక్కా జేబులో ఆ రెండు పెన్నులూ చూస్తే ఎవరైనా సరే ముందు చేతిలో అర్జీ పెట్టి, తర్వాత ‘గుమాస్తా మీరేనా?’ అని అడుగుతారు. శాఖలో ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అతికినట్టు సరిపోయింది.

‘తూనికలు, కొలతల కార్యాలయం’ అని బోర్డున్న భవనంలో మూడో అంతస్తు. కిటికీలు లేని గదిలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. శాఖకి ఆయనే అధిపతి. ఆయన పక్క కుర్చీలో దుబాసి.

ఆవిడ అవతలి దేశం నుంచి తప్పించుకొచ్చి, శాఖలో దుబాసిగా చేరి మూడేళ్ళయింది. ఆరు భాషలొచ్చు. బూడిదరంగు పొడవు కోటు, చెవులకి చిన్న ముత్యాలు. వరండాలో ఆవిడ నడిచొస్తుంటే టైపు మిషన్లు వాటంతటవే ఆగిపోయేవి. తెలుగు మనకంటే బాగా మాట్లాడుతుంది. మనం మాటల్లో మింగేసే అచ్చులన్నీ ఆవిడ నోట్లో భద్రంగా ఉంటాయి.

పోయింది మూడో పెట్టె అని పెద్దాయన మొదలుపెట్టాడు. గుమాస్తాకి తెలిసిన సంగతే అయినా అడ్డు చెప్పకుండా విన్నాడు. మాస్టారు చేసినవి మూడు పెట్టెలు. మూడింటిలోనూ ఒకే సర్క్యూట్. అందులో కరెంటు పిచ్చెత్తినట్టు ఊగుతుంది, ఏ రెండు క్షణాలూ ఒక్కలా ఉండవు. లెక్కలవాళ్ళు దాన్ని కేయాస్ అంటారు. అయితే ఒకే నెంబరు దగ్గర మొదలుపెడితే మూడు పెట్టెల పిచ్చీ ఒకటే. మన మాటని ఆ పిచ్చిలో కలిపి గాల్లోకి వదులుతాం. అవతలి పెట్టె తన పిచ్చిని అందులోంచి తీసేస్తుంది, మాట మిగులుతుంది. మధ్యలో ఎవడు విన్నా వాడికి వినిపించేది ఉత్త హోరు.

“మొదలుపెట్టే నెంబరులో ఏ ఒక్క స్థానంలో తేడా వచ్చినా చాలు,” అన్నాడు పెద్దాయన. “కాసేపు రెండు పెట్టెలూ చెట్టపట్టాలేసుకుని నడుస్తాయి. తర్వాత ఎవరి దారి వాళ్ళది. పెట్టె ఎత్తుకుపోయినా నెంబరు లేకపోతే అది చెక్కముక్కే. అందుకే మోకాలు పగలగొట్టారు.”

ఆ నెంబరు కాగితం మీద పెట్టడం మాస్టారికి ఇష్టం ఉండేది కాదు. శాఖ పెట్టె డయళ్ళు ఆయనే తిప్పి తాళం వేసేవారు. బయటికి వెళ్ళే మనిషికి నోటితో చెప్పేవారు, ఒక్కసారే. ఆ వెళ్ళిన మనిషి చెవితో మోసుకుపోవాలి.

ఇప్పుడు వెళ్ళిన మనిషి గుమాస్తా చెల్లెలు.

పదకొండు నెలలుగా ఆ పిల్ల అవతలి రేవు పట్టణంలో, నౌకాశాఖ ఆఫీసులో టైపిస్టు. ఒకసారి విన్నది మర్చిపోదు. ఆ జ్ఞాపకశక్తి చూసి శాఖలోకి తీసుకొచ్చింది అన్నగారే. తల్లికి మాత్రం దూరంగా ఏదో ఓడల కంపెనీలో ఉద్యోగమని చెప్పారు. ఆ తల్లి ప్రతి ఆదివారం గుమాస్తాని ఒకే మాట అడుగుతుంది, పిల్ల ఎప్పుడొస్తుందని. అతను ప్రతి ఆదివారం నీళ్ళు నములుతాడు. రేపు ఉదయం ఆ ఆఫీసులో అందరి వేలిముద్రలూ పాత రికార్డులతో పోల్చి చూస్తారు. చెల్లెలు ఈ సాయంత్రమే బయటపడాలి. అయిదూ నలభైకి పెట్టె తెరుస్తుంది. ఏ గేటు, ఏ బండి, ఎన్ని గంటలకి అన్నది అయిదు నిమిషాల్లో మనం చెప్పాలి. అంతకుముందు ఆమెతో మాట్లాడే దారి లేదు, నెంబరు మార్చే దారీ లేదు.

“వాళ్ళు కూడా వింటూ ఉంటారు,” అన్నాడు గుమాస్తా.

“రేవుకి ఎనిమిది గేట్లున్నాయి. అన్నీ మూయాలంటే వాళ్ళకి నలభై నిమిషాలు పడుతుంది. ఏ గేటో తెలిస్తే రెండు నిమిషాలు చాలు.” పెద్దాయన కళ్ళజోడు తీశాడు. “పెట్టె దొరకాలి. లేదా వాళ్ళ దగ్గరున్న నెంబరు తప్పని తేలాలి. రెండూ జరక్కపోతే నేను పంపనివ్వను. గేటు దగ్గర బండి నడిపేవాడికీ పిల్లలున్నారు.”

పంపకపోతే చెల్లెలు అక్కడే ఉండిపోతుంది, రేపు పొద్దున వేలిముద్ర వేస్తుంది. ఆ పిల్లని ఈ రొంపిలోకి దింపింది గుమాస్తానే. ఇంకెవరినీ అనడానికి లేదు.

వాళ్ళ భాషలో ఏ చిన్న చీటీ దొరికినా చదివే మనిషి పక్కనుండాలని పెద్దాయన దుబాసిని తోడిచ్చి పంపాడు.

మధ్యాహ్నమంతా కారులో తిరిగారు. స్టేషన్ లగేజీ గది చూశారు, రెండు లాడ్జీలు సోదా చేశారు, అవతలి దేశపు వర్తక సంఘం గుమ్మం ముందు గంటసేపు కాపు కాశారు. పెట్టె జాడ లేదు. దుబాసి అలసట చూపించలేదు. మధ్యలో ఒకసారి, మీ చెల్లెలికి ఎన్నేళ్ళని అడిగింది. ఇరవయ్యారని చెప్పాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

నాలుగింటికి గుమాస్తా కారుని మళ్ళీ మాస్టారి సందుకే పోనిచ్చాడు. పక్క కొట్టు దర్జీ ఆ సమయంలో టీకి వెళ్ళానని పోలీసులకి చెప్పాడు. కబురందగానే ఇక్కడికొచ్చి చూసినప్పుడే, ఆ టీకొట్టు ఈ రోజు తెరవనే లేదని గుమాస్తా గమనించాడు. బీమా కంపెనీ మనిషిలా ఒక ఫైలు చంకలో పెట్టుకుని దిగాడు. అతనికి అంతకుమించి వేషం అక్కర్లేదు. దుబాసి మాత్రం తల నొప్పిగా ఉందని కారులోనే ఉండిపోయింది.

రెండు గదులకీ మధ్య ఉన్నది ప్లైవుడ్ చెక్క. అవతల తుమ్మితే ఇవతల చిరంజీవ అనొచ్చు. దర్జీ మొదట బొంకాడు. పోలీసుల్ని పిలవననీ, సాక్ష్యానికి తిప్పననీ, పోయినాయన నాకు అక్షరాలు నేర్పిన గురువులాంటివారనీ గుమాస్తా నెమ్మదిగా చెప్పాడు. చివరి మాట అబద్ధం కాదు. దర్జీ గుడ్డలు కత్తిరించే బల్ల మీద చేతులానించి నోరు విప్పాడు.

ఇద్దరొచ్చారు. ఒక మగమనిషి, ఒక ఆవిడ. మొదటి గుండు పేలిన చప్పుడుకి దర్జీ ఈ బల్ల కిందే దూరాడు. ఆ తర్వాత మాస్టారు అంకెలు చెప్పారు, ఒక్కొక్కటీ. ఆవిడ ఒక్కొక్కటీ తిరిగి చెప్పి రాసుకుంది.

“ఏయే అంకెలు?”

“అన్నీ గుర్తులేవండీ. ఏడో అంకె దాకా బాగానే చెప్పారు. అప్పుడే గదండీ, ఆయన ‘అరసున్న’ అన్నారు.”

గుమాస్తా ఫైలు బల్ల మీద పెట్టాడు.

“ఆవిడ ఆగిపోయింది,” అన్నాడు దర్జీ. “‘అర అంటే సగం కదా? ఐదు వేయనా?’ అనడిగింది. మాస్టారు కాసేపు పలకలేదు. నొప్పేమో అనుకున్నా. తర్వాత, ‘వేసుకో తల్లీ, ఐదే’ అన్నారు. ఆ మీదట ఇంకో రెండు అంకెలు చెప్పారు. అంతే. పేల్చేశారు.”

అరసున్న ఒకప్పటి అక్షరం. సున్నని సగమే గీసి వాఁడు, వీఁడు అని రాసేవారు. తాతల నాటి పుస్తకాల్లో తప్ప ఇప్పుడు కనిపించదు. సున్న, అరసున్న, విసర్గ అని చిన్నప్పుడు పాడతాం, పెద్దయ్యాక దాన్ని రాయం, పలకం. మాస్టారు దానికి ఒక ఉద్యోగం ఇచ్చారు. శిక్షణలో అంకెలు చెబుతూ చెబుతూ ఎక్కడో ఒకచోట అరసున్న అనేవారు. అక్కడ కలం ఎత్తాలి, ఏమీ వేయకూడదు. చాటున వినేవాడు మాత్రం ఏదో ఒకటి వేసుకుని పప్పులో కాలేస్తాడు. కుర్రకారు నవ్వుకునేవారు. రక్తం మడుగులో కూర్చుని కూడా ఆయన ఆ అలవాటు వదల్లేదు.

“ఆవిడ గొంతెలా ఉంది?” అనడిగాడు.

“రేడియోలో వార్తలు చదివినట్టుందండీ. ఒక్క అక్షరం కూడా...”

“గుమాస్తా గారూ,” అని కారు దగ్గర్నించి పిలుపు వినిపించింది. “ఆలస్యమవుతోంది. వస్తున్నారా?”

దర్జీ చెయ్యి తగిలి కత్తెర కింద పడింది. గుమాస్తా అతని మణికట్టు గట్టిగా పట్టుకుని, వద్దన్నట్టు తల ఊపాడు. వంగి కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఫైలు చంకలో పెట్టుకుని, వస్తున్నానండీ అని కేకేసి, మామూలుగా నడుచుకుంటూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఏమైనా తెలిసిందా అనడిగితే, పిరికిగొడ్డు, టీకి వెళ్ళాడట అని చెప్పాడు.

శాఖకి రాగానే, దుబాసి ముఖం కడుక్కోవడానికి వెళ్ళిన నాలుగు నిమిషాల్లో పెద్దాయనకి అంతా చెప్పాడు. పెద్దాయన చెయ్యి టెలిఫోన్ మీదికి పోయింది. గుమాస్తా దాన్ని ఆపాడు.

“ఇప్పుడు పట్టుకుంటే వాళ్ళకి ఆవిడ దగ్గర్నించి కబురు ఆగిపోతుంది సార్. వెంటనే ఎనిమిది గేట్లూ మూసేస్తారు.”

“వదిలేస్తే?”

“వదలొద్దు. మనతోనే పంపే గదిలోకి తీసుకెళదాం. ఆవిడకి తెలియనిది ఒక్క మాట. బయటుంటే దారినపోయే పిల్లాణ్ణడిగినా చెబుతాడు. లోపలుంటే మనల్నే అడగాలి.”

పెద్దాయన టెలిఫోన్ మీంచి చెయ్యి తీశాడు. “పొరపాటైతే పోయేది నీ చెల్లెలు.”

“తెలుసు సార్.”

పంపే గది ఒక కోల్డ్ స్టోరేజీ అడుగున ఉంది. వేడి ఒక డిగ్రీ పెరిగినా సర్క్యూట్ తడబడుతుందని మాస్టారు ఆ చోటు ఏరికోరి పెట్టారు. బయట బంగాళాదుంపల బస్తాలు, లోపల నల్లపెట్టె, దాని ముందు రెండు స్వెట్టర్లు తొడుక్కున్న ఆపరేటర్. అందరూ ఆవిణ్ణి అక్కయ్య అనే పిలుస్తారు. పెద్దాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. గుమాస్తా, దుబాసి బస్తాలకి ఆనుకుని నిలబడ్డారు. మాటలాడితే నోటిముందు ఆవిరి కనిపిస్తోంది.

అయిదూ నలభై. అక్కయ్య మీట నొక్కింది. రేకుల కప్పు మీద వాన కురిసినట్టు గదంతా హోరు. ఏడో అంకె తర్వాత తేడా గనక వాళ్ళ పెట్టె పావు నిమిషం మన పెట్టెతో కలిసే నడుస్తుంది, ఆ కాస్తా వాళ్ళకి వినబడుతుంది. అందుకని అక్కయ్య పెదవి కదపకుండా మీటలు నొక్కుతూ మొదటి అర నిమిషం ఉత్త కుశలప్రశ్నలే పంపింది. ఆ తర్వాతే అసలు సంగతి మొదలైంది. మూడో గేటు, లాండ్రీ వ్యాను, సరిగ్గా ఆరింటికి.

అయిదూ నలభై రెండుకి దుబాసి చెవి ముత్యాన్ని సవరించుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ ముత్యంలోంచి ఎవరో ఆవిడతో మాట్లాడుతున్నారు. ఏం చెబుతున్నారో గుమాస్తాకి వినకుండానే తెలుసు. మొదట మాటలు వచ్చాయి, తర్వాత హోరు. నెంబరు దాదాపు సరైనదే, తోక దగ్గర ఎక్కడో తప్పు. రికార్డు చేస్తున్నాం, ఆ తప్పేదో చెప్పు.

ఆవిడ నవ్వుతూ అతని వైపు తిరిగింది.

“గుమాస్తా గారూ, చిన్న సందేహం. అరసున్న అంటే సగం అనే కదా అర్థం?”

అక్కయ్య వీపు బిగుసుకుంది. వేళ్ళు మాత్రం ఆగలేదు.

“ఇప్పుడెందుకొచ్చిందండీ ఆ సందేహం?”

“ఏదో పాత పుస్తకంలో కనిపించింది. ఇందాకటి నుంచీ బుర్ర తొలిచేస్తోంది.”

“సగమేనండీ,” అన్నాడు గుమాస్తా తీరిగ్గా. “నిండు సున్న కాదు కాబట్టి అర. మా బళ్ళో అది తప్పుగా రాస్తే మార్కు కూడా సగమే కోసేవారు.”

“అయితే పలుకుతారా దాన్ని?”

“పలుకుతాం. కాస్త ముక్కులోంచి.”

గడియారంలో అయిదూ నలభై నాలుగు. హోరు సాగుతూనే ఉంది. దుబాసి ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

“మూడేళ్ళుగా మీ అందరి మాటలూ వింటున్నాను. అది నా వృత్తి,” అంది. “ఒక్కరి ముక్కులోంచి కూడా నేనది వినలేదు.”

ఇద్దరూ ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకున్నారు. ఇక దాచడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఆవిడ పెదవులు విడివడ్డాయి. తన భాషలో ఒక్క మాట చాలు, ఆ ఐదు తీసేయండి అని.

ఆ మాట పుట్టకముందే గుమాస్తా అరచెయ్యి ఆవిడ నోరు మూసింది. ఇద్దరూ బస్తాల మధ్య పడ్డారు. మైకు ఎక్కడుందో తెలియదు. కాలర్లోనో, గుండీలోనో, పంటి సందులోనో. ఏది పీకినా ఇంకోటి ఉండొచ్చు. అందుకని అతను నోరే పట్టుకున్నాడు. ఆవిడ కొరికింది. పళ్ళు ఎముకకి తగిలినా అతను వదల్లేదు. మడమతో తన్నింది, గోళ్ళతో చెంప చీరింది. పెద్దాయన వచ్చి ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. ఎవరూ చప్పుడు చేయలేదు.

అయిదూ నలభై అయిదుకి హోరు ఆగింది. పెట్టెలోంచి సన్నగా ఒకే ఒక మాట వచ్చింది, చెల్లెలిది. “అందింది.”

అవతల వింటున్నవాళ్ళకి పెనుగులాట వినబడే ఉంటుంది. గేట్లన్నీ మూయమని ఈపాటికి చెప్పే ఉంటారు. కానీ ఏ గేటో వాళ్ళకి తెలియదు, వాళ్ళ రికార్డుని విప్పే మాట ఈవిడ నోట్లో ఉంది. గుమాస్తా గడియారం వంక చూస్తూ అలాగే కూర్చున్నాడు. ఆరు దాటింది. ఆవిడ పెనుగులాట తగ్గింది, ఆగింది. నటన అనుకున్నాడు. నటన కాకపోయినా చెయ్యి తీసేవాడు కాదేమో, తర్వాత చాలా రోజులు అతను దాన్ని గురించే ఆలోచించాడు. ఆరూ పన్నెండుకి టెలిఫోన్ మోగింది. బట్టలు అందాయి, ఒక్క గుండీ కూడా పోలేదు అని కబురు. లాండ్రీ వ్యాను సరిహద్దు దాటింది.

అప్పుడు చెయ్యి తీశాడు. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. నోటిముందు ఆవిరి లేదు.

అక్కయ్య లేచి తన పైస్వెట్టర్ విప్పి ఆవిడ ముఖం మీద కప్పింది. పెద్దాయన, రిపోర్టు రేపు రాద్దువుగానిలే అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ వెనకగదిలో, గుమాస్తా చెల్లెల్ని చూశాడు. మనిషి సగమైంది, జుట్టంతా సబ్బు వాసన. అన్నం తింటూనే మాట్లాడుతోంది, పదకొండు నెలల మాటలు ఒకేసారి. అమ్మని ఎప్పుడు చూడొచ్చనీ, వ్యానులో తడి దుప్పట్ల కింద ఊపిరాడక చచ్చాననీ. ఊపిరాడక అన్న మాటకి గుమాస్తా తల తిప్పుకున్నాడు. చేతికి కట్టేమిటని అడిగింది. తలుపులో పడిందన్నాడు.

మాస్టారి సంగతి ఇంకా ఎవరూ ఆమెకి చెప్పలేదు. అది అన్నగారి పనేనని వదిలేశారు. అతను ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుండగా ఆమే అందుకుంది.

“మాస్టారెక్కడన్నయ్యా? ఆయనతో నాకు పెద్ద గొడవుంది.”

“ఏం గొడవ?”

“వెళ్ళేముందు నెంబరు చెప్పినప్పుడు తొమ్మిదంకెలూ గడగడా చెప్పేశారు. ఎక్కడా అరసున్న పెట్టలేదు. అదెక్కడ జారవిడిచానా అని పదకొండు నెలలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నాకు గుర్తుండకపోవడమేమిటని.” చెయ్యి కడుక్కుంటూ నవ్వింది. “పాపం, వయసైపోతోంది. మర్చిపోయినట్టున్నారు.”

గుమాస్తా కట్టు కట్టిన చేత్తో ఆమెకి తువ్వాలు అందించాడు. ఆ నెంబరులో అరసున్న ఎప్పుడూ లేదన్నమాట. మోకాలు పగిలి నేల మీద పడి ఉండగా, ఏడో అంకె దాకా నిజం చెప్పాక, ఆ ముసలాయనకి ఈ పిల్ల గుర్తొచ్చి ఉండాలి.

“మర్చిపోలేదమ్మా,” అన్నాడు. “నిన్న పెట్టారు.”